తలుపులు మూసుకున్న ఊరు

ఇంగ్లండుకు వెళ్ళి వచ్చినవారు సాధారణంగా లండన్ నగరాన్ని గురించి చెబుతారు. లేకపోతే రాజులు నివసించిన కోటలను గురించి చెబుతారు. అవన్నీ నేనూ చూశాను. మోకాళ్ళు మొరాయించేదాకా చూశాను. కాని ఈ నాలుగు మాటలూ వాటిని గురించి కాదు. ఈ చివరినుంచి ఆ చివరికి అరగంటలో నడిచిపోగల ఒక చిన్న పల్లెను గురించి. అక్కడ కోట లేదు, రాజు లేడు, వెయ్యిమంది జనం కూడా లేరు. అయినా ఆ దేశంలో నేను చూసినవాటిలో, రాత్రి నిద్రపట్టనప్పుడు ఇప్పటికీ గుర్తుకు వచ్చేది అదొక్కటే.

మా అమ్మాయీ అల్లుడూ షెఫీల్డు పట్టణంలో ఉంటున్నారు. ఒక వేసవిలో నేనూ మా ఆవిడా వెళ్ళి వాళ్ళ దగ్గర మూడు నెలలు ఉన్నాం. ఆగస్టు నెలాఖరున ఒక శనివారం సాయంత్రం అల్లుడు పటం చూపించి, "రేపు మిమ్మల్ని ఒక ఊరు తీసుకువెళ్తాను మామయ్యా. ఎంతో దూరం లేదు, పది పన్నెండు మైళ్ళు" అన్నాడు. పేరు చూశాను. ఇంగ్లీషులో నాలుగే అక్షరాలు. "ఇయామా?" అన్నాను. తొమ్మిదేళ్ళ మా మనవరాలు పకపక నవ్వి, "కాదు తాతా, ఈమ్!" అన్నది. ముప్ఫై ఎనిమిదేళ్ళు బడిలో ఇంగ్లీషు పాఠాలు చెప్పినవాణ్ణి. నోరు మూసుకున్నాను.

"అక్కడ ఏమున్నదమ్మా?" అని అమ్మాయిని అడిగాను.

"ప్లేగు వచ్చిన ఊరు నాన్నా" అన్నది.

ఆ మాట నాకు రుచించలేదు. మహమ్మారిని చూడటానికి ఇంగ్లండు రావాలా? 2021 మే నెలలో గుంతకల్లులో మా అక్క కరోనాతో పోయింది. నేను అనంతపురంలో ఉన్నాను. రెండు గంటల ప్రయాణం. బయలుదేరబోతుంటే బావ ఫోను చేశాడు. "రావద్దు. వచ్చినా నేను తలుపు తీయను" అన్నాడు. అంతే, ఫోను పెట్టేశాడు. నన్ను ఎత్తుకుని పెంచిన అక్కను కడసారి చూడనివ్వలేదన్న కోపం నాకు పోలేదు. ఆ తరువాత పెళ్ళిళ్ళలో, పేరంటాల్లో ఎదురుపడ్డా బావతో పట్టుమని పది మాటలు మాట్లాడలేదు. అందుచేత అంటురోగాల ఊసంటేనే నాకు గిట్టదు. కాని మనవరాలు పట్టుబట్టింది. మనవరాలి మాట కాదనే తాత ఇంకా పుట్టలేదు గదా!

పెట్టెలో వచ్చిన చావు

షెఫీల్డు దాటగానే చెట్టూ చేమా లేని కొండమైదానాలు మొదలవుతాయి. ఆగస్టులో వాటినిండా హెదర్ అనే పొద పూస్తుంది. కనుచూపుమేర వంకాయరంగు జంపఖానా పరచినట్టున్నది. దాన్ని దాటి లోయలోకి దిగి మళ్ళీ ఎక్కితే ఈమ్. డెర్బీషైరు జిల్లాలో, 1951లో ఏర్పడ్డ పీక్ డిస్ట్రిక్ట్ నేషనల్ పార్కులో ఉన్నది. బూడిదరంగు రాతి ఇళ్ళు, చిన్న చిన్న కిటికీలు, గుమ్మాలముందు గులాబీ తీగెలు. ఒకప్పుడు సీసపు గనులమీద బ్రతికిన ఊరు. ఆ తరువాత పట్టు నేశారు, బూట్లు కుట్టారు. ఇప్పుడు మాబోటి యాత్రికులకు తేనీరు అమ్ముతున్నారు.

ఊళ్ళో దిగగానే మనవరాలు వేలెత్తి చూపింది. మ్యూజియం కప్పుమీద గాలివాటం చూపే ఇనుప బొమ్మ ఉన్నది. కోడిపుంజు ఉండవలసిన చోట ఎలుక! అది ఒకప్పుడు మెథడిస్టుల ప్రార్థనమందిరం. 1994లో మ్యూజియంగా మారింది.

అసలు చూడవలసిన ఇల్లు చర్చి ప్రక్కనే ఉన్నది. మామూలు ఇల్లు. ఇప్పటికీ లోపల ఎవరో కాపురముంటున్నారు. వాకిట ఒక చిన్న బోర్డు, దానిమీద పేర్లు. 1665లో అందులో మేరీ కూపర్ అనే ఆమె ఉండేది. మొదటి భర్త పోయాక ఆమె అలెగ్జాండర్ హాడ్‌ఫీల్డు అనే దర్జీని పెళ్ళాడింది. ఆ వేసవి చివర లండన్‌నుంచి దర్జీకి ఒక పెట్టెలో గుడ్డలు వచ్చాయి. ఆ ఏడాదే లండన్‌లో ప్లేగు వేలకు వేల మందిని పొట్టన పెట్టుకుంటున్నది. యజమాని ఇంట్లో లేడు. జార్జి వికర్స్ అనే పనివాడు పెట్టె విప్పాడు. గుడ్డలు తడిగా ఉన్నాయని నిప్పుముందు ఆరవేశాడు. పాపం, అతను చేసిన నేరమంతా అదే. ఆ మడతల్లో దాగిన ఈగలంత కూడా లేని పురుగులు, ఎలుకలమీద బ్రతికే గోమార్లు, వెచ్చదనానికి బయటికి వచ్చాయని ఊరివారు నేటికీ చెప్పుకునే కథ. సెప్టెంబరు 7వ తేదీన వికర్స్‌ను పాతిపెట్టారు. మరి రెండు వారాలకు మేరీ చిన్న కొడుకు, నాలుగేళ్ళ ఎడ్వర్డు పోయాడు. అక్టోబరులో పెద్దవాడు జోనథన్ పోయాడు. మరుసటి వేసవిలో భర్త కూడా పోయాడు. మేరీ ఒక్కతే మిగిలింది.

ఆ ప్రక్క ఇంటిపేరు రోజ్ కాటేజి. పేరు చూస్తే గులాబీలు గుర్తుకు వస్తాయి. బోర్డు చూస్తే థార్ప్ అనే కుటుంబంలో తొమ్మిది మంది పేర్లు వరుసగా ఉన్నాయి. మా ఆవిడ రెండు పేర్లు చదివి, కళ్ళజోడు తీసి చేత్తో పట్టుకుని ముందుకు నడిచింది.

నాకు మా అవ్వ గుర్తుకు వచ్చింది. ఆమె పుట్టిల్లు రాయదుర్గం దగ్గర ఒక పల్లె. వందేళ్ళ క్రిందట బళ్ళారి సీమలో ప్లేగు తరచు వస్తుండేది. "ఎలుకలు రాలినాయంటే చాలు, ఊరు ఖాళీ చేసేటోళ్ళం" అని చెప్పేది అవ్వ. అటకమీదినుంచి ఎలుక దబ్బున పడి చస్తే అదే తాఖీదు. బియ్యమూ కుండలూ బండిలో వేసుకుని, ఇంటికి తాళం వేసి, తోటల్లోనూ చేలల్లోనూ గుడిసెలు వేసుకుని నెలల తరబడి ఉండేవారట. రోగం చల్లారాక తిరిగివచ్చి, ఇల్లంతా సున్నం కొట్టి, పాలు పొంగించి లోపల అడుగుపెట్టేవారట. ప్లేగు వస్తే ఊరు విడిచిపోవడమే మా వాళ్ళు నేర్చిన విద్య. లోకంలో అందరూ నేర్చినదీ అదే.

ఈమ్‌వారు మాత్రం ఊళ్ళోనే ఉండిపోయారు. కథంతా ఇందులోనే ఉన్నది.

ఇద్దరు గురువులు

చర్చి పేరు సెయింట్ లారెన్స్. ఆవరణలో వెయ్యేళ్ళు దాటిన రాతి శిలువ ఒకటి ఉన్నది. ఇంగ్లండులో నార్మన్ రాజులు అడుగుపెట్టకముందు, సాక్సన్ల కాలంలో చెక్కినది. కంబంలో కొంత భాగం ఏనాడో పోయింది. మిగిలినదానిమీద దేవదూతలూ, తీగెల మెలికలూ చెక్కుచెదరకుండా ఉన్నాయి. మన గుళ్ళలో ద్వారబంధాలమీద చెక్కే లతలు చూసినవాడికి ఆ పనితనం పరాయిదిగా తోచదు. చర్చి గోడమీద 1775 నాటి ఎండగడియారం ఉన్నది. అది ఈ ఊరి గంటలు మాత్రమే కాదు, దూరదేశాల నగరాల వేళలు కూడా సూచిస్తుందట. ఆనాడు మబ్బు పట్టి ఉన్నది గనుక ఏ ఊరి వేళా చెప్పలేకపోయింది. మా అల్లుడు చేతి గడియారం చూసుకున్నాడు.

1665లో ఈ చర్చికి మతాధికారి విలియం మాంపెసన్. ముప్ఫై ఏళ్ళు కూడా నిండనివాడు. వచ్చి ఏడాదిన్నర కాలేదు. భార్య కాథరిన్, ఇద్దరు పిల్లలు. ఊరివారికి అతనంటే పెద్ద గురి లేదు. ఎంచేతనంటే, అతనికి ముందున్న థామస్ స్టాన్లీ అనే ప్యూరిటన్ గురువంటే వారికి ప్రేమ. రాజుగారి ప్రభుత్వం విధించిన ప్రార్థనపుస్తకాన్ని ఒప్పుకోనందుకు ఆయన పదవి పోయింది. మన ఊళ్ళలో పాత పూజారికీ కొత్త పూజారికీ పడనట్టే, వీరిద్దరికీ పడే అవకాశం లేదు.

చలికాలంలో రోగం కాస్త తగ్గింది. 1666 మే నెలలో చావులు దాదాపు లేవు. పీడ విరగడయిందని జనం ఊపిరి పీల్చుకునేలోగా జూన్‌లో మళ్ళీ విజృంభించింది. అప్పటికే కొందరు కలవారు ఊరు విడిచిపోయారు. మిగిలినవారూ మూటలు కట్టుకుంటున్నారు. అప్పుడు మాంపెసన్ స్టాన్లీని కలిశాడు. ఒకరి మతం ఒకరికి గిట్టని ఆ ఇద్దరూ కలిసి ఊరివారి ముందు నిలబడి మూడు మాటలు చెప్పారు.

మొదటిది: శవాలను చర్చి ఆవరణకు తీసుకురావద్దు, ఎవరి మృతులను వారే, తమ దొడ్డిలోనో పొలంలోనో పాతిపెట్టుకోవాలి. రెండవది: చర్చికి తాళం, ప్రార్థనలు ఆరుబయట, కుటుంబానికీ కుటుంబానికీ ఎడం పాటించి జరుపుకోవాలి. మూడవది అన్నిటికన్న కష్టమైనది: రోగం పోయేదాకా ఊరి పొలిమేర దాటి ఎవరూ వెళ్ళకూడదు, ఎవరూ రాకూడదు.

నాడు సూక్ష్మజీవులను గురించి ఎవరికీ తెలియదు. చెడుగాలివల్ల రోగం వస్తుందనుకునేవారు. పోలీసులు లేరు, సైన్యం లేదు. ఊరివారు ఊఁ అన్నారు. ఉన్నారు.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. ఈ కట్టడికి ముందే మాంపెసన్ తన పిల్లలిద్దరినీ ఊరు దాటించి పంపివేశాడు. భార్యను కూడా వెళ్ళమన్నాడు. ఆమె వెళ్ళలేదు, భర్తను విడిచి పోనన్నది. తన పిల్లలను పంపించుకుని ఇతరుల పిల్లలను ఉండమన్నాడే అని నాకు మొదట చురుక్కుమన్నది. మా ఆవిడతో అంటే, "మీరైతే పంపించి ఉండరా?" అన్నది. నా దగ్గర జవాబు లేదు.

చిల్లుల రాయి

ఊరికి దక్షిణంగా స్టోనీ మిడిల్టన్ అనే మరో పల్లె ఉన్నది. రెంటికీ నడుమ పచ్చికబీళ్ళలో కాలిబాట. దానివెంట అర మైలు నడిస్తే ఒక బండరాయి కనబడుతుంది. అదేమీ చెక్కిన శిల్పం కాదు. మన చేలగట్టున కూర్చుని సద్ది తినే రాయిలాగే ఉన్నది. దానిలో ఆరు చిల్లులు మాత్రం తొలిచారు. అదే సరిహద్దు రాయి.

పొరుగూళ్ళవారు రొట్టె, మాంసం, మందులు తెచ్చి ఇక్కడ దించి వెళ్ళేవారు. వారు కనుమరుగయ్యాక ఈమ్‌వారు వచ్చి తీసుకునేవారు. వెలకు నాణేలు ఈ చిల్లుల్లో వెనిగర్ పోసి అందులో వేసేవారు. వెనిగర్ విషాన్ని కడిగేస్తుందని వారి నమ్మకం. ఊరికి ఉత్తరాన మాంపెసన్ బావి అని ఒక ఊట ఉన్నది. అక్కడా ఇదే పద్ధతి. పారే నీటిలో నాణేలు. కొద్ది మైళ్ళ దూరంలోని చాట్స్‌వర్త్ భవనంలో ఉండే డెవన్‌షైరు ప్రభువు కూడా ఈ ఊరికి ఆహారం పంపే ఏర్పాటు చేశాడు. ఊరివారు మాట మీద నిలబడటానికి అది కొండంత అండ.

మనవరాలు చిల్లుల్లోకి తొంగిచూసింది. వచ్చిపోయేవారు వేసిన చిల్లరడబ్బులు ఉన్నాయి. "నేనూ వేస్తాను" అన్నది. నా చొక్కా జేబులో మన రూపాయి ఒకటి దొరికింది. అదే ఇచ్చాను. రాతిమీద చెయ్యి వేశాను. చల్లగా ఉన్నది. అటు మిడిల్టన్ ఇళ్ళ కప్పులు చెట్లసందున కనిపిస్తున్నాయి. ఇంత దగ్గర! పిలిస్తే పలికేంత దూరం. ఇక్కడిదాకా నడిచివచ్చి, అటు చూసి, రొట్టె తీసుకుని వెనుదిరిగేవారు. ఆ నాలుగడుగులు ముందుకు వెయ్యకుండా ఉండటానికి ఎంత గుండె కావాలి?

మిడిల్టన్‌వైపు నుంచి రోలండ్ టార్ అనే యువకుడు వచ్చేవాడనీ, ఈమ్‌లో ఎమ్మట్ సిడాల్ అనే అమ్మాయితో అతనికి పెళ్ళి కుదిరిందనీ చెప్పుకుంటారు. దగ్గరకు రాకుండా దూరంనుంచే చూసుకునేవారట. 1666 ఏప్రిల్ చివర ఆమె రావడం మానివేసింది. అతనికి కారణం తెలియలేదు. కట్టడి ఎత్తివేశాక ముందుగా ఊళ్ళోకి పరుగెత్తినవారిలో అతనొకడనీ, అప్పుడు తెలిసిందనీ కథ. 1985లో చర్చిలో పెట్టిన రంగుటద్దాల కిటికీలో ఆ ఇద్దరూ ఉన్నారు.

రైలీ సమాధులు

ఊరికి తూర్పున అర మైలు ఎక్కితే ఒక పొలం మధ్య గుండ్రని రాతిగోడ ఉన్నది. దానిలోపల ఏడు సమాధుల గుర్తులు. వీటిని రైలీ సమాధులంటారు.

ఇక్కడి పొలంలో హాంకాక్ కుటుంబం ఉండేది. 1666 ఆగస్టు 3నుంచి 10వ తేదీవరకు, ఎనిమిది రోజుల్లో, ఎలిజబెత్ హాంకాక్ తన భర్తనూ ఆరుగురు పిల్లలనూ తన చేతులతో పాతిపెట్టింది. సహాయానికి ఎవరూ రాలేదు, రాకూడదు. గొయ్యి తానే తవ్వింది, తానే ఈడ్చుకువచ్చింది, తానే మన్ను కప్పింది. ఆమెకు రోగం అంటలేదు. షెఫీల్డులో పని నేర్చుకుంటున్న ఒక కొడుకు మిగిలాడు. తరువాత అతని దగ్గరకు వెళ్ళిపోయింది.

అక్కడ మాలో ఎవరమూ మాట్లాడలేదు. గాలి మాత్రం వీస్తున్నది. క్రింద లోయ అంతా పచ్చగా, ఏమీ ఎరగనట్టు ఉన్నది.

ఆ ఆగస్టు నెలలోనే 70 మందికి పైగా పోయారు. కాటికాపరి పని చేసేందుకు మార్షల్ హోవ్ అనేవాడు ముందుకు వచ్చాడు. రోగం ఒకసారి తగిలి తేరుకున్నాడు గనుక ఇక తనకేమీ కాదని అతని ధీమా. శవాన్ని పాతిపెట్టినందుకు కూలిగా చనిపోయినవారి సామాను పట్టుకుపోయేవాడట. ఆ నెల చివరనే అతని భార్యా, ఒక్క కొడుకూ పోయారు. ఆ సామానుతో పాటే రోగాన్నీ ఇంటికి మోసుకుపోయానని అతను అనుకున్నాడో లేదో!

ఆగస్టు 25న కాథరిన్ మాంపెసన్ కన్నుమూసింది. పొలంలో భర్తతో నడుస్తూ, గాలి ఎంతో తియ్యగా ఉన్నదని అన్నదట. ఆ రోగం పట్టినవారికి అలాంటి వాసన తగులుతుందని ఆనాటి నమ్మకం. ఆ మాట విన్నప్పుడే భర్త గుండె జారిపోయిందంటారు. ఆమె సమాధి చర్చి ఆవరణలో, పాత శిలువకు దగ్గరలో ఉన్నది. పిల్లలకు తల్లి మరణవార్త తెలుపుతూ తండ్రి రాసిన ఉత్తరం నేటికీ నిలిచి ఉన్నది.

1666 నవంబరు మొదటి తేదీన ఏబ్రహాం మార్టెన్ అనే అతను పోయాడు. అతనే చివరివాడు. పద్నాలుగు నెలల్లో 76 కుటుంబాల్లో 260 మంది.

తరువాత ఏమయింది? వీరులకు ఊరేగింపులు జరిగాయనుకుంటారేమో. మూడేళ్ళకు మాంపెసన్ నాటింగ్‌హాంషైరులోని ఈక్రింగ్ అనే ఊరికి మారాడు. ప్లేగు ఊరివాడు వచ్చాడని అక్కడివారు హడలిపోయి, కొంతకాలం అతణ్ణి ఊరిబయట గుడిసెలో ఉంచారని చెబుతారు. స్టాన్లీని ఈమ్‌నుంచే వెళ్ళగొట్టాలని కొందరు పెద్దమనుషులు ప్రయత్నించారు. డెవన్‌షైరు ప్రభువు అడ్డుపడ్డాడు. 1670లో స్టాన్లీ ఆ ఊళ్ళోనే పోయాడు. ఆ తరువాత ఏడాది రెండేళ్ళకే రైట్ అనే కలవారి కుటుంబం ఊరి నడుమ పెద్ద భవనం కట్టింది. అదే ఈమ్ హాల్. దాని ఎదుట పచ్చికలో, తప్పుచేసినవారి కాళ్ళు బిగించే కొయ్యబొండ ఇప్పటికీ ఉన్నది. లోకం ఎవరికోసమూ ఆగదు, బొండకొయ్యలూ ఆగవు.

లెక్క తేలని ప్రశ్న

ఇంతా చేసి, వీరి త్యాగంవల్ల నిజంగా మేలు జరిగిందా? ఈ ప్రశ్న మన బోటివారికే కాదు, పండితులకూ వచ్చింది.

ప్లేగుకు కారణమైన సూక్ష్మజీవిని 1894లో హాంకాంగ్‌లో యెర్సిన్ అనే వైద్యుడు కనిపెట్టాడు. ఎలుకమీది గోమారి దాన్ని మోసుకువస్తుందని 1898లో సిమోన్ అనే ఫ్రెంచి వైద్యుడు రుజువు చేశాడు. అది ఎక్కడో కాదు, ఆనాటి మన దేశంలోనే, కరాచీలో. అంటే, మా అవ్వ ఊరివారు ఎలుక రాలగానే ఊరు విడవడం తెలివైన పనే. ఎలుకల నడుమ కూర్చోవడంవల్ల ఈమ్‌లో చావులు పెరిగి ఉండవచ్చు. చెదిరిపోయి ఉంటే ఇంకా చాలామంది బ్రతికేవారని వాదించినవారున్నారు. పేదవారికి వెళ్ళడానికి చోటెక్కడిది, ఇది త్యాగం కాదు, గత్యంతరం లేకపోవడమన్నవారూ ఉన్నారు. ఊరి జనం 350 అనీ, మిగిలింది 83 మంది మాత్రమేననీ పూర్వం చెప్పేవారు. జనం అంతకు రెట్టింపు ఉండవచ్చునని తరువాతి పరిశోధకులు అంటున్నారు.

కాని 2016లో ఇంకొక సంగతి తేలింది. ఇద్దరు పరిశోధకులు ఈ ఊరి మృతుల తేదీలనూ కుటుంబాలనూ వరసగా లెక్కకట్టి చూశారు. నాలుగింట మూడు వంతులు రోగం ఎలుకనుంచి కాదు, మనిషినుంచి మనిషికే వచ్చిందని వారి అంచనా. అదే నిజమైతే, మూటలు కట్టుకుని ఏ చుట్టాలింటికి పోయినా ఆ చుట్టాలకు చావు మూటకట్టి ఇచ్చినట్టే అయ్యేది. చుట్టుప్రక్కల పల్లెలకు ప్లేగు పాకలేదు. అది మాత్రం చరిత్ర.

మ్యూజియంలో ఇదంతా చదివి బయటికి వచ్చి, ఒక అరుగుమీద కూర్చున్నాను. పండితుల వాదం నా తలలో లేదు. గుంతకల్లులో బావ ఇంటి తలుపు ఉన్నది. ఆనాడు బావకూ జ్వరమే. అక్క శవం లోపల, తాను ఒంటరిగా. నన్ను రమ్మనడం తేలిక. రావద్దని చెప్పడానికి ఎంత గుండె కావాలి? నాకు గుండెజబ్బు ఉన్న సంగతి అతనికి తెలుసు. నాలుగేళ్ళుగా నేను ఆ మాటను తలుపు మూయడమనుకున్నాను. అది చిల్లుల రాయి. నేను బ్రతకాలని అతను పొలిమేరలో పెట్టిన రాయి.

ఆదివారం ప్రార్థన

ఏటా ఆగస్టు చివరి ఆదివారాన్ని ఇక్కడ ప్లేగు ఆదివారమంటారు. మా అల్లుడు అది తెలిసే తీసుకువచ్చాడు. చర్చికి తాళం వేసిన రోజుల్లో ప్రార్థనలు జరిగినది కక్‌లెట్ డెల్ఫ్ అనే లోయలో. సున్నపురాతి కొండలో సహజంగా ఏర్పడిన తోరణంలాంటి గుహ ఉన్నది. దానిలో నిలబడి మాంపెసన్ మాట్లాడేవాడు. ఎదుట వాలులో జనం, కుటుంబానికొక చోటు. వారంవారానికి ఖాళీలు పెరుగుతూ వచ్చి ఉంటాయి.

మధ్యాహ్నం ఊరంతా అక్కడికే నడిచింది. మేమూ నడిచాం. ముసలివారు మడతకుర్చీలు తెచ్చుకున్నారు. పసిపిల్లలు గడ్డిమీద దొర్లుతున్నారు. మా మతం వేరు, పాటలు మాకు రావు. అయినా ఒక అవ్వగారు మా ఆవిడకు తన కుర్చీ చూపించి కూర్చోమన్నది. 350 ఏళ్ళు దాటిన చావులకు ఆ ఊరు నేటికీ తలవంచి నిలబడుతుంటే, వాటిని సంస్మరించడానికి నాకు ఏ మతమూ అడ్డురాలేదు. కాథరిన్ సమాధిమీద పూలదండ ఉంచారు.

ఈ ఊళ్ళో చూడదగ్గ కట్టడాలేమిటని మీరడిగితే, పాత శిలువ ఉన్నది, చర్చి ఉన్నది, పెద్ద భవనం ఉన్నది. కాని నన్నడిగితే, అక్కడి గొప్ప కట్టడం ఎవరూ కట్టనిది: ఆరు చిల్లులు తొలిచిన ఒక బండరాయి. ఎంతో కాలం నిలిచిన కోటగోడలు చాలా చూశాను. అవన్నీ బయటివారు లోపలికి రాకుండా కట్టినవి. బయటివారి మేలుకోసం లోపలివారు తమ చుట్టూ తామే గీసుకున్న గోడ ఇదొక్కటే చూశాను.

షెఫీల్డు చేరేసరికి రాత్రి తొమ్మిదయింది. మన దేశంలో ఒంటిగంటన్నర. అయినా ఆగలేకపోయాను. బావకు నిద్ర సరిగా పట్టదని అక్క పోయాక ఎవరో అనగా విన్నాను. ఫోను చేశాను. రెండు గంటలు మోగకముందే ఎత్తాడు.

"ఏమప్పా, ఈ వేళప్పుడు? అంతా బాగున్నారా?" అన్నాడు కంగారుగా.

"బాగున్నాం బావా. ఊరికే చేశాను" అన్నాను.

కాసేపు ఇద్దరమూ ఊరుకున్నాం. తరువాత, "దీపావళికి వస్తాను బావా, గుంతకల్లు" అన్నాను.

"రా" అన్నాడు. ఒక్క నిమిషమాగి, "తలుపు తీసే ఉంటుంది" అన్నాడు.